వేచూరు నుంచి కర్నాల్ దాకా: దేశవాళీ పశుజాతుల దారి

ఒక నేల, ఆ నేల మీద దొరికే మేత, అక్కడి ఎండావానలు, అక్కడి రైతు చేయించుకునే పని. ఈ నాలుగూ కలిసి తరాల తరబడి ఎంచి నిలబెట్టిన పశువుల గుంపును దేశవాళీ జాతి అంటారు. ఆ గుంపు లక్షణాలు ఎలా దిగుతాయి, దూడకు తల్లి నుంచి ఎంత వస్తుంది, తండ్రి నుంచి ఎంత వస్తుంది, ఏ పరిస్థితుల్లో అవి పలచబడి మాయమవుతాయి అని పరిశీలించేది పశు జన్యు శాస్త్రం. ఈ శాస్త్రం చదివినవారికి ప్రయోగశాలలో ఎంత పని ఉంటుందో ఊళ్లలో, సంతల్లో, అడవి అంచు బీళ్లలో అంతే పని ఉంటుంది. అందువల్ల ఈ వృత్తిని తెలుసుకోవడానికి మంచి పద్ధతి ఒక దారి పట్టడం. కేరళలోని వేచూరులో మొదలై పలమనేరు, ఒంగోలు, అమ్రాబాద్ మీదుగా హర్యానాలోని కర్నాల్ చేరే దారిలో ఒక్కో మజిలీ ఈ వృత్తిలోని ఒక్కో పనిని చూపిస్తుంది. వెతకడం, కొలిచి లెక్క కట్టడం, సంతతి పెంచడం, పెంపకందారు దగ్గర నిలబెట్టడం, నమోదు చేసి దాచడం అన్నవి ఆ పనులు.

దారి పట్టే ముందు ఒక లెక్క తెలిసి ఉండాలి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 19.25 కోట్లు. వాటిలో దేశవాళీవి 14.21 కోట్లు. 2012 గణనతో పోలిస్తే ఇవి 6 శాతం తగ్గాయి. అదే కాలంలో విదేశీ, సంకరజాతి పశువులు పావు వంతుకు పైగా పెరిగి 5 కోట్లు దాటాయి. దేశవాళీ పశువుల్లోనూ ఎక్కువ భాగం జాతి గుర్తులు కలగలిసిపోయి, ఏ పేరు కిందికీ రానివే. పేరూ రూపూ నిలుపుకున్న జాతులు మిగిలిన కొద్ది భాగంలో ఉన్నాయి.

వేచూరు: వెతకడం

కొట్టాయం జిల్లా వైకోం తాలూకాలో, వెంబనాడు సరస్సు తూర్పు ఒడ్డున వేచూరు ఉంది. సరస్సులోకి ఉప్పునీరు ఎగదన్నకుండా కట్టిన తన్నీర్‌ముక్కం కట్ట ఈ ఒడ్డుకే వచ్చి కలుస్తుంది. చుట్టూ వరి మళ్లు, కాలువలు, కొబ్బరి తోటలు. ఇంటి చుట్టూ ఉన్న కాస్త జాగాలోనే కుటుంబం తన ఆవును మేపుకోవాలి. ఇలాంటి చోట పెద్ద పశువుకు మేత చాలదు, తడి నేలలో దాని బరువే దానికి ఇబ్బంది. ఆ పరిస్థితికి సరిపోయేలా తయారైనది వేచూరు ఆవు. దాని సగటు ఎత్తు 90 సెంటీమీటర్ల లోపే. ప్రపంచంలోని అతి చిన్న ఆవు జాతుల్లో ఇది ఒకటి. రోజుకు రెండు మూడు లీటర్ల పాలిస్తుంది. తినే మేతతో సరిచూస్తే ఇది మంచి పాడే.

1960ల్లో కేరళ పాల దిగుబడి పెంచే పని చేపట్టింది. 1963లో స్విట్జర్లాండ్ సహకారంతో మున్నార్ దగ్గరి మాట్టుపెట్టిలో కేంద్రం వెలిసింది. బ్రౌన్ స్విస్ ఆబోతులతో నాటు ఆవులను కలిపి సునందిని అనే సంకరజాతిని తయారు చేశారు. 1961 నాటి రాష్ట్ర చట్టం లైసెన్సు లేని ఆబోతులను ఉంచుకోనివ్వలేదు. నాటు కోడెలకు విత్తులు కొట్టించారు. పాల ఉత్పత్తి పెరిగింది, ఎన్నో కుటుంబాలకు ఆదాయం వచ్చింది. అయితే ఆబోతు లేని జాతి ఒక్క తరంలోనే అంతరించే దశకు వస్తుంది. ఆవులు ఎన్ని మిగిలినా వాటికి పుట్టే దూడలన్నీ సంకరాలే అవుతాయి. 1980ల చివరికి అసలైన వేచూరు ఆవు కంటికి కనిపించడమే అరుదైంది.

త్రిస్సూర్ దగ్గరి మన్నుత్తిలో, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశు ప్రజనన శాస్త్ర ఆచార్యురాలిగా ఉన్న శోశమ్మ ఐప్ 1989లో తన విద్యార్థులతో కలిసి ఈ జాతి కోసం వెతుకులాట మొదలుపెట్టారు. జన్యు శాస్త్రవేత్త వృత్తిలో వెతుకులాటకూ ఒక పద్ధతి ఉంది. ముందు పెద్దవాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడి పాత రూపాన్ని పోగు చేయాలి. ఎత్తు ఎంత, కొమ్ము ఎటు వంగేది, రంగులు ఏవి, ఎంత పాలిచ్చేది అని ఒక్కో ఇంటా అడగాలి. తర్వాత ఆ రూపానికి సరిపోయే పశువు కనిపించినచోట దాని తల్లి ఎవరిది, ఏ ఆబోతుకు దాటించారు అని ఆరా తీయాలి. కృత్రిమ గర్భధారణ కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లను, సంకరజాతి ఆవుకు దాణా పెట్టలేని ఇళ్లను మరింత శ్రద్ధగా చూడాలి. దొరికిన కొద్ది పశువులను కొని మన్నుత్తిలో చిన్న మందగా చేశారు. పనికి మాలిన పొట్టి ఆవుల మీద ప్రభుత్వ డబ్బు ఎందుకు అన్నవారూ ఉన్నారు. ఆ మంద నుంచే జాతి మళ్లీ నిలదొక్కుకుంది. 1998లో వేచూరు సంరక్షణ ట్రస్టు ఏర్పడింది. 2022లో శోశమ్మ ఐప్‌కు పద్మశ్రీ లభించింది. నేడు కేరళలో వేచూరు ఆవు పెరటి పశువుగా తిరిగి కనిపిస్తోంది.

ఆమె వృత్తి జీవితం నుంచి ఈ శాస్త్రం చదివేవారు గ్రహించవలసినది ముఖ్యంగా ఒకటుంది. మంచి ఉద్దేశంతో తెచ్చిన విధానం కూడా, దాని పక్కన సంరక్షణ ఏర్పాటు లేకపోతే, ఒక జాతిని తుడిచిపెట్టగలదు. సంకరీకరణ చేయాలా వద్దా అన్నది వేరే చర్చ. చేసేచోట మూలజాతికి కొన్ని ఊళ్లు, కొన్ని ఆబోతులు కేటాయించి ఉంచడం మాత్రం తప్పనిసరి.

పలమనేరు: కొలవడం, లెక్క కట్టడం

త్రిస్సూర్ నుంచి రైలు పాలక్కాడ్ కనుమ దాటి, తమిళనాడు మీదుగా కాట్పాడి చేరుతుంది. అక్కడి నుంచి చిత్తూరు. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే రోడ్డు మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు పీఠభూమి మీదికి వస్తుంది. గాలి చల్లబడుతుంది. నేల ఎర్రగా, పలచగా ఉంటుంది. చెరువు కింద వరి, బోరు కింద టమాటా, మల్బరీ, మిగిలినది మెట్ట. వానలు తరచూ మొహం చాటేసే ఈ సీమలో తక్కువ మేతతో బతికే పొట్టి ఆవు పుంగనూరు. ఆ పేరుతో ఉన్న పట్టణం, పాత జమీందారీ కేంద్రం, పలమనేరుకు దగ్గరలోనే ఉంది.

శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి పలమనేరులో పశు పరిశోధన కేంద్రం ఉంది. పుంగనూరు మందను దశాబ్దాలుగా కాపాడుతూ వచ్చింది ఇదే. తెలుపు, బూడిద, లేత గోధుమ, ఎరుపు రంగుల ఆవులు, నెలవంకలా వంగిన చిన్న కొమ్ములు, నేలను తాకేంత పొడవైన తోక కుచ్చు ఇక్కడ కనిపిస్తాయి. పాలలో వెన్న శాతం ఎక్కువని పేరు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం, విశ్వవిద్యాలయం కలిసి మిషన్ పుంగనూరు చేపట్టాయి.

ఈ మజిలీలో తెలిసేది కొలత పని. మూపురం వెనక నుంచి నేల వరకు ఎత్తు, ఛాతీ చుట్టుకొలత, ఒంటి పొడవు, ముఖం పొడవు, చెవి, కొమ్ము, తోక ఒక్కొక్కటీ టేపుతో కొలుస్తారు. మొదటి ఈత వయసు, ఈతకూ ఈతకూ మధ్య ఎడం, పాడి రోజులు, వెన్న శాతం రికార్డులోకి ఎక్కుతాయి. ఒకటి రెండు పశువులతో జాతి రూపం తేలదు. వేర్వేరు ఊళ్లలోని వందల పశువులను, మగ ఆడ విడివిడిగా, వయసుల వారీగా కొలిచాక సగటూ తేడాలూ తేలతాయి. రక్తం నుంచి డీఎన్ఏ తీసి, పక్క ప్రాంతపు హళ్ళికార్ వంటి జాతులతో పోల్చి, ఈ గుంపు ఎంత వేరైనదో ప్రయోగశాల చెబుతుంది.

కొలత తర్వాత వచ్చేది మంద లెక్క. సంరక్షణలో దీనికి మించిన లెక్క లేదు. మందలో ఎన్ని తలలు ఉన్నాయన్నది జాతి భవిష్యత్తును తేల్చదు. తర్వాతి తరానికి ఎన్ని ఆబోతులు, ఎన్ని ఆవులు జన్యువులను అందిస్తున్నాయన్నది తేలుస్తుంది. ఆబోతుల సంఖ్యను ఆవుల సంఖ్యతో హెచ్చించి, దాన్ని 4తో హెచ్చించి, రెండింటి మొత్తంతో భాగిస్తే సంతతి పరంగా మంద అసలు పరిమాణం వస్తుంది. 100 ఆవులకు 4 ఆబోతులే ఉంటే ఆ పరిమాణం దాదాపు 15. అదే 100 ఆవులకు 25 ఆబోతులు ఉంటే 80. మొదటి మందలో రక్తసంబంధం తరానికి 3 శాతానికి పైగా పెరుగుతుంది. రెండో మందలో దాదాపు 0.6 శాతమే. ఈ పరిమాణం 50కి తగ్గకూడదని, అంటే రక్తసంబంధం తరానికి 1 శాతం మించకూడదని సంరక్షణలో సాధారణంగా పాటించే హద్దు. అది దాటితే ఈత శాతం తగ్గడం, బలహీనమైన దూడలు పుట్టడం, దాగి ఉన్న జన్యు లోపాలు బయటపడడం మొదలవుతాయి. అందుకే ఆబోతులను వరుసలుగా విడగొట్టి, ఒక వరుస ఆబోతును తన కూతుళ్ల వైపు రానివ్వకుండా తరానికో వరుస చొప్పున మారుస్తూ పోతారు.

పుంగనూరుకు కొన్నేళ్లుగా వచ్చిన గిరాకీని ఈ లెక్కతోనే చూడాలి. పొట్టి ఆవు ఇంటికి అందమనీ శుభమనీ పట్టణాల్లో కొనేవారు పెరిగారు, ధర లక్షలకు చేరింది. గిరాకీ వల్ల జాతిని పెంచేవారు పెరగడం మంచిదే. అయితే ఎత్తు తగ్గించడమే గురిగా అతి పొట్టి ఆబోతునే అన్ని ఆవులకూ దాటిస్తూ పోతే ఆబోతుల సంఖ్య కుదించుకుపోతుంది. పాలు, ఈత, కరువుకు ఓర్చుకునే గుణం వెనక్కిపోతాయి. వేరే పొట్టి జాతులతో కలిపిన దూడలు కూడా పుంగనూరు పేరుతోనే చేతులు మారతాయి. వంశావళి రికార్డు, డీఎన్ఏ పరీక్ష ఉన్న పశువుకే పుంగనూరు పేరు దక్కేలా చూడడం ఈ ప్రాంతపు జన్యు శాస్త్రవేత్తల ముందున్న పని.

ఒంగోలు: పని పోయిన జాతి

పలమనేరు నుంచి తిరుపతికి దిగే దారి పశువైద్య విద్యకు పాత నిలయమైన కళాశాల వైపు తీసుకువెళ్తుంది. అది 1955లో మొదలైంది. 2005లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. తిరుపతి దాటి నెల్లూరు వైపు సాగితే రోడ్డు పక్కన గొర్రెల మందలు ఎదురవుతాయి. దేశంలోని గొర్రెల్లో కెల్లా ఎత్తైనది నెల్లూరు గొర్రె. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. తెల్లటి ఒంటి మీద మూతి, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, పూర్తి తెలుపైతే పల్ల, గోధుమ ఎరుపైతే దొర అని కాపరులు మూడు రకాలుగా చెబుతారు. జాతిని వర్గీకరించే కన్ను పుస్తకాలకు ముందే కాపరి దగ్గర ఉంది. సర్వే చేసే శాస్త్రవేత్త అతని మాటను రాసుకోవడంతోనే మొదలుపెట్టాలి.

గుండ్లకమ్మ, ముసి, పాలేరు పారే ఒంగోలు సీమ నల్లరేగడి నేల. ఈ నేలను దున్నడానికి బలమైన ఎద్దు కావాలి. జొన్న చొప్ప, పిల్లిపెసర మేతగా దండిగా ఉండేవి. తెల్లటి పెద్ద ఒళ్లు, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, ఎత్తైన మూపురం, కురచ కొమ్ములు, కంటి చుట్టూ కాటుక గీసినట్లు నల్లటి వలయం ఒంగోలు గిత్త లక్షణాలు. ఊరి పెద్దలు పోయినప్పుడు వారి పేరిట మేలైన కోడెను ఎంచి, అచ్చువేసి, గుడికి వదిలే ఆచారం ఉండేది. ఆ ఆబోతు ఏ చేలో పడి మేసినా కొట్టేవారు కాదు. ఊరంతటికీ ఎంచిన ఆబోతు ఉమ్మడిగా అందేది. మంచి కోడెకే ఆ గౌరవం దక్కేది గనుక, జాతి మెరుగుదల ఆచారంలోనే ఇమిడి ఉండేది.

ఈ జాతి సముద్రాలు దాటింది. 19వ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండడంతో బ్రెజిల్‌లో దీనికి నెలోర్ అనే పేరు స్థిరపడింది. 1868లో ఒక ఓడలో వచ్చిన జంట బహియా రాష్ట్రంలోని సాల్వడార్‌లో దిగిందని అక్కడి చరిత్ర చెబుతుంది. 1960ల ఆరంభంలో పెద్ద ఎత్తున మరోసారి పశువులను తీసుకువెళ్లారు. వాటిలో కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు సంతతి బ్రెజిల్ అంతటా వ్యాపించింది. బ్రెజిల్ పశుసంపద 20 కోట్లకు పైమాటే, అందులో అత్యధిక భాగానికి నెలోర్ రక్తమే ఆధారం. ఇండొనేసియాలోని సుంబా దీవికీ ఒంగోలు జాతి వెళ్లింది. అమెరికాలో బ్రాహ్మన్ జాతి తయారైన మూలాల్లోనూ ఇది ఉంది. బ్రెజిల్‌లో వియాతినా-19 అనే నెలోర్ ఆవుకు 2023 వేలంలో కట్టిన విలువ 40 లక్షల డాలర్లు దాటింది.

స్వస్థలంలో దారి వేరే అయింది. ట్రాక్టరు వచ్చి దుక్కి ఎద్దు అవసరాన్ని తగ్గించింది. జొన్న పోయి పొగాకు, మిరప, సుబాబుల్, జామాయిల్ వచ్చాక చొప్ప కరువైంది. పాలు కావలసిన ఇంటికి ముర్రా గేదె చేరింది. నేడు ఒంగోలు గిత్తను పెంచేవారిలో చాలామందికి బండలాగుడు పోటీలే ప్రోత్సాహం. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్లకు జరిగే ఈ పోటీల్లో గెలిచే జతకు పేరూ డబ్బూ వస్తాయి. ఆ కారణంగా మేలైన గిత్తల మీద శ్రద్ధ నిలిచింది. ఆవు మీద అంత శ్రద్ధ రాలేదు.

గుంటూరు దగ్గరి లాం ఫారంలోను, చదలవాడలోను ఒంగోలు మందలు ఉన్నాయి. నెల్లూరు జిల్లా చింతలదేవిలో కేంద్ర ప్రభుత్వ జాతీయ కామధేను ప్రజనన కేంద్రం ఉంది. ఈ కేంద్రాల్లో చేసే ముఖ్యమైన పని సంతతిని వేగంగా పెంచడం. మామూలుగా ఆవు ఏడాదికో, ఏడాదిన్నరకో ఒక దూడను ఈనుతుంది. మేలైన ఆవుకు హార్మోన్లిచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు విడుదలయ్యేలా చేసి, వీర్యం ఎక్కించి, వారం రోజులకు పిండాలను బయటికి తీసి మామూలు ఆవుల గర్భంలో పెట్టడం పిండ మార్పిడి. అండాలనే సూదితో సేకరించి ప్రయోగశాలలో ఫలదీకరించే పద్ధతి మరో అడుగు ముందుకు వేసింది. ఒక మేలైన ఆవుకు ఏడాదిలో ఎన్నో దూడలు ఈ పద్ధతుల్లో సాధ్యం. పలమనేరులో చూసిన మంద లెక్క ఇక్కడా వర్తిస్తుంది. నాలుగైదు తల్లుల దూడలతోనే ఊళ్లన్నీ నిండితే సంఖ్య పెరిగినట్లు కనిపించినా వైవిధ్యం కుంచించుకుపోతుంది.

బ్రెజిల్ నుంచే మళ్లీ తెచ్చుకోవచ్చు గదా అన్న ప్రశ్నకు జన్యు శాస్త్రం జవాబు స్పష్టమైనది. అక్కడి నెలోర్‌ను దశాబ్దాలుగా మాంసం కోసం, పెరుగుదల వేగం కోసం ఎంచుతూ వచ్చారు. దానికి ఒంగోలు సీమ అడిగిన దుక్కి బలం, ఎండలో రోజంతా నడిచే ఓపిక ఎంపికలో కొలబద్దలు కాలేదు. పైగా కొద్ది ఆబోతుల రక్తమే అక్కడి వంశావళుల్లో ఎక్కువగా ప్రవహిస్తోంది. ఎక్కువ వైవిధ్యం పుట్టినచోటే ఉంటుంది. ఆ పుట్టినచోటు ఒంగోలు పల్లెలే.

అమ్రాబాద్: పెంపకందారు దగ్గర నిలబెట్టడం

ఒంగోలు నుంచి పడమరకు మార్కాపురం, దోర్నాల. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు నల్లమల అడవిలోకి మలుపులు తిరుగుతూ శ్రీశైలం చేరుతుంది. కృష్ణ దాటితే తెలంగాణ. దోమలపెంట, వటవర్లపల్లి, మన్ననూరు మీదుగా అమ్రాబాద్ పీఠభూమి వస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఈ అడవిలోనే పులుల అభయారణ్యం ఉంది.

ఇక్కడి జాతి పొడ తూర్పు. ఒంటి మీద పొడలు, గట్టి గిట్టలు, రాళ్ల దారుల్లో ఎంత దూరమైనా నడిచే ఓపిక దీని గుర్తులు. లంబాడా పెంపకందారులు వీటిని పెద్ద మందలుగా అడవిలో మేపుతారు. కొట్టంలో కట్టి దాణా పెట్టే పద్ధతి ఇక్కడ లేదు. ఆవులను పాల కోసం పిండడం తక్కువ, దూడ తాగి బలంగా పెరగాలి. అమ్మకానికి వెళ్లేది కోడె. బురద మడిలోనూ మెట్టలోనూ బాగా దున్నుతుందని పాలమూరు రైతులు వీటిని కొనేవారు. కురుమూర్తి జాతర ఇందుకు పేరున్న సంత. 2020లో పొడ తూర్పుకు జాతీయ స్థాయిలో జాతిగా నమోదు దక్కింది. తెలంగాణ నుంచి ఈ గుర్తింపు పొందిన మొదటి ఆవు జాతి ఇదే.

ఈ మజిలీలో శాస్త్రవేత్త పని మనుషులతో ఎక్కువ. మంద ఎక్కడ రాత్రి నిలుస్తుంది, ఏ నెలలో ఎటు వెళ్తుంది, ఏ కోడెను ఎందుకు ఆబోతుగా ఉంచుకుంటారు అన్నవి మందతో నడిస్తేనే తెలుస్తాయి. పులుల రక్షణకు అడవిలో మేత మీద ఆంక్షలున్నాయి. ట్రాక్టరు వల్ల కోడె ధర పడిపోయింది. పెంపకందారు పిల్లలు చదువుకుని పట్నం వెళ్తున్నారు. ఈ మూడింటికీ ప్రయోగశాలలో మందు లేదు. అటవీ శాఖతో మేత ఒప్పందం, కోడెకు మంచి ధర, నాటు ఎరువుకు గిరాకీ, పశువైద్యం మంద దగ్గరికి రావడం ఈ జాతిని నిలిపే మార్గాలు. వాటిని ప్రభుత్వం ముందు అంకెలతో సహా పెట్టగల మనిషి జన్యు శాస్త్రవేత్త. అదీ అతని బాధ్యతే.

అమ్రాబాద్ నుంచి హైదరాబాద్ వైపు సాగే పాలమూరు నేలలో గొర్రెల కథ కూడా ఇలాంటిదే. నల్లటి ముతక ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రె కురుమల జాతి. ఆ ఉన్నితో నేసే గొంగడి వానకూ చలికీ కాపరికి గొడుగూ దుప్పటీ. ఉన్ని కొనేవారు తగ్గి, మాంసమే ఆదాయం కావడంతో కాపరులు ఎక్కువ బరువు పెరిగే ఉన్ని లేని పొట్టేళ్లను మందలో వదిలారు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వాటిలో చాలా భాగం పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవి. కాపరికి ఆస్తి చేకూర్చే పథకంలో స్థానిక జాతి పొట్టేలుకు చోటు ఉంటే ఆదాయంతో పాటు జాతీ నిలుస్తుంది. పథకాలు రాసే దశలోనే జన్యు శాస్త్రవేత్త సలహా అవసరమయ్యేది ఇందుకే.

కర్నాల్: నమోదు చేయడం, దాచడం

హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన ఢిల్లీ దాటి పానిపట్, కర్నాల్ వెళ్తుంది. గోధుమ, వరి పొలాల మధ్య ఉన్న కర్నాల్ దేశ పశు పరిశోధనకు ప్రధాన కేంద్రం. 1923లో బెంగళూరులో మొదలైన జాతీయ పాడి పరిశోధన సంస్థ 1955లో ఇక్కడికి మారింది. 2009లో క్లోనింగ్ పద్ధతిలో గరిమ అనే గేదె దూడ పుట్టింది ఇక్కడే. ఇదే పట్టణంలో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో 1984లో ఏర్పడింది. దేశంలోని ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్లు, ఒంటెలు, గుర్రాలు, గాడిదలు, పందులు అన్నింటి జాతుల నమోదు ఈ బ్యూరో చేతిలో ఉంది. నమోదైన జాతులు 200 దాటాయి.

నమోదు పద్ధతి ఇలా ఉంటుంది. జాతి పుట్టిన ప్రాంతం, తలల సంఖ్య, కొలతలు, పాలు లేదా పని సామర్థ్యం, పెంపకందారుల సముదాయం, పక్క జాతులతో తేడా ఇవన్నీ నిర్ణీత పత్రంలో నింపి, ఫొటోలతో, రాష్ట్ర పశుసంవర్ధక శాఖ ఆమోదంతో పంపాలి. కమిటీ పరిశీలించి ఒప్పుకుంటే జాతికి నమోదు సంఖ్య వస్తుంది. 2019 నుంచి నమోదైన జాతులను కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తోంది. ఈ జన్యు సంపద మీద దేశానికి హక్కు ఉందని చట్టపరంగా చెప్పడానికి ఇది ఆధారం. జాతి పేరు లేని పశువులన్నింటినీ సర్వే చేసి గుర్తించే కార్యక్రమాన్ని 2021లో బ్యూరో చేపట్టింది. జాతులను కాపాడే పెంపకందారులకు, సంస్థలకు పురస్కారాలూ ఇస్తోంది.

బ్యూరో జన్యు బ్యాంకులో వీర్యం, కణాలు, డీఎన్ఏ ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో నిల్వ ఉంటాయి. ఆ చలిలో వీర్యం దశాబ్దాల తర్వాతా పనికి వస్తుంది. కరువు వచ్చినా, అంటురోగం మందను ఊడ్చినా మిగిలే భరోసా ఇది. అయితే దీనికీ హద్దు ఉంది. ఆవులన్నీ పోయి వీర్యం ఒక్కటే మిగిలితే, దాన్ని వేరే జాతి ఆవుకు ఎక్కించగా పుట్టే దూడలో పాత జాతి సగమే. ఆ పెయ్యకు మళ్లీ అదే జాతి వీర్యం ఎక్కిస్తే 75 శాతం, తర్వాత 87.5, ఆ తర్వాత దాదాపు 94 శాతం. ఒక్కో మెట్టుకు నాలుగేళ్లు వేసుకున్నా ఇందుకు పదహారేళ్లు పడుతుంది. తల్లి వైపు నుంచి మాత్రమే దిగే మైటోకాండ్రియా జన్యువులు ఎన్ని తరాలైనా తిరిగి రావు. ఇక ఏ మేత ఎప్పుడు పెట్టాలి, ఏ కోడెను ఆబోతుగా ఉంచాలి అన్న పెంపకందారు తెలివిని ఏ సిలిండరూ దాచలేదు. కాబట్టి జన్యు బ్యాంకు సంరక్షణకు రెండో వరుస. మొదటి వరుస ఊళ్లోని మంద.

చదువు, ఉద్యోగం

ఈ వృత్తికి మొదటి మెట్టు పశువైద్య పట్టా, బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్ బైపీసీ తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. అఖిల భారత కోటా సీట్లు నీట్ ర్యాంకు మీద వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో కళాశాలలు ఉన్నాయి. తర్వాత పశు జన్యు శాస్త్రం, ప్రజనన విభాగంలో ఎంవీఎస్సీ, పీహెచ్‌డీ చేయాలి. గణాంక శాస్త్రం మీద పట్టు తప్పనిసరి. జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే నేర్పు ఇప్పుడు అంతే ముఖ్యం.

ఉద్యోగాలు పలు చోట్ల ఉన్నాయి. జాతీయ పరీక్ష ద్వారా భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థల్లో శాస్త్రవేత్త కావచ్చు. విశ్వవిద్యాలయాల్లో బోధన, పరిశోధన ఉంటుంది. రాష్ట్ర పశుగణాభివృద్ధి సంస్థలు, నంద్యాల, కరీంనగర్ వంటి చోట్ల ఉన్న ఘనీకృత వీర్య కేంద్రాలు, ఆణంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి బోర్డు, పౌల్ట్రీ కంపెనీలు, పెంపకందారులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు మిగిలిన దారులు. ఈ శాస్త్రంలో పశువుల తరం అంటే నాలుగైదేళ్లు. ఒక ఎంపిక ఫలితం తేలేసరికి ఏళ్లు పడుతుంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఒక శాస్త్రవేత్త కొద్ది జాతులను మాత్రమే మెరుగుపరచగలడు. అందువల్ల ఓపికతో పాటు రికార్డును తర్వాతివారికి సక్రమంగా అప్పగించే క్రమశిక్షణ ఈ వృత్తికి అత్యవసరం.

ఈ దారిలో నిలిచిన జాతులకు మూడు ఆధారాలు కనిపిస్తాయి. జాతికి ఇంకా ఏదో ఒక పని, లేదా ఏదో ఒక ధర ఉంది. సంబంధం లేని ఆబోతులు తగినన్ని ఉన్నాయి. పెంచే మనిషికి మేత భూమి దొరుకుతోంది. వీటిలో ఒకటి తగ్గినచోట జాతి పలచబడింది, మూడూ పోతే మాయమవుతుంది. ఆబోతుల లెక్క జన్యు శాస్త్రవేత్త చేతిలో ఉంది. ధర వినియోగదారు చేతిలో, మేత భూమి ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. వాటిని కూడా లెక్కలోకి తెచ్చి, పెంపకందారును పథకంలో భాగస్వామిగా నిలబెట్టినప్పుడే దేశవాళీ జాతుల సంరక్షణ పూర్తయిన పని అవుతుంది.